కీర్తనల పుస్తకం అట్టలో కాఫీ హోటలు

ఆ కాగితం నా చేతికి దొరికిన రోజున నేను ఆఫీసుకు ఆలస్యంగా వెళ్ళాను. ఎందుకు ఆలస్యమైందని మేనేజరు అడిగితే "రైలండి" అని అబద్ధం చెప్పాను. ఒకావిడ కాఫీ హోటలు మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది, లోపలికి వెళ్ళిందో లేదో తెలియక నేను దారిలోనే నిలబడిపోయాను, అని నిజం చెబితే ఆయనకు ఏం అర్థమవుతుంది?

మొదటినుంచీ చెబుతాను.

మాది రేపల్లె. తెనాలిలో విత్తనాల కంపెనీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం నాది. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కుతాను, సాయంత్రం అలాగే తిరిగి వస్తాను. నాకు మాటలు తక్కువ. కిటికీ పక్కన చోటు దొరికితే పుస్తకం తీస్తాను. ఏం చదువుతున్నావని ఎవరూ అడగకుండా దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకుంటాను. ఇంటికి వెళ్ళాక డైరీ రాస్తాను. పగలంతా ఎవరితోనూ అనకుండా మిగిలిపోయిన మాటలన్నీ అందులోకి వెళతాయి కాబట్టి నా డైరీలు లావుగా ఉంటాయి.

ఆ రోజు నా సంచిలో అమ్మమ్మ కీర్తనల పుస్తకం ఉంది. దాని వీపు ఎప్పుడో విరిగిపోయింది. ముందు అట్ట దారప్పోగు మీద వేలాడుతోంది.

"క్రిస్మస్ లోపు కట్టించుకు రావే" అంది అమ్మమ్మ. "పాటెత్తుకోగానే కాగితాలు జారి ముందు బెంచీ వాళ్ళ మీద పడుతున్నాయి. అయ్యగారు నా వంకే చూస్తున్నారు."

అయ్యగారంటే మా చర్చి పాస్టరుగారు. ఆయన ఎవరి వంకైనా చూస్తారు. కానీ అమ్మమ్మ దృష్టిలో తన వంకే.

తెనాలిలో కాలవ వంతెన దిగగానే ఒక బైండింగు కొట్టు ఉంది. కొట్టాయన పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరిదమ్మా ఇది?"

"మా అమ్మమ్మదండి."

"మీ అమ్మమ్మకే అమ్మమ్మలా ఉందిది" అని నవ్వుకుంటూ కత్తితో ముందు అట్టను వేరు చేశాడు. దాని మీది గుడ్డ ఊడదీసి తడి గుడ్డతో రుద్దేసరికి అట్ట పొరలు పొరలుగా విచ్చుకుంది, మడతకాజాలాగా.

"ఇది అట్ట కాదమ్మా, ఉత్త పేపర్లే. పూర్వం అట్ట కొనలేక పాత పేపర్లు ఒకదాని మీద ఒకటి అంటించి, బరువు పెట్టి, ఆరబెట్టి అట్ట చేసుకునేవాళ్ళు. మైలుతుత్తం కలిపిన జిగురు కదా, పురుగు కూడా ముట్టుకోలేదు చూడు."

అంటూనే ఆ పొరలను బుట్టలోకి విసరబోయాడు. ఆ విసురులో ఒక పొర మీద నాకు ఒక్క మాట కనిపించింది. తెనాలి.

"ఆగండి!"

ఆ కేక నాదేనని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. ఆయన చెయ్యి గాల్లోనే ఆగింది. పక్క కొట్టతను తొంగి చూశాడు. నేను ముఖం ఎర్రబడి, "అది నాకిస్తారా అండి" అని మామూలు గొంతుతో అడిగాను.

"మొత్తం తీసుకోమ్మా. చిత్తుకాగితానికి అంత కేకెందుకు?"

వంతెన గోడకు ఆనుకుని చదివాను. అది ఒక దినపత్రిక పేజీలో పై సగం. తేదీ ఉండాల్సిన మూల చిరిగిపోయింది. కానీ జట్కాలూ, పడవలూ, కొత్తగా వచ్చిన కాఫీ హోటలూ ఉన్న తెనాలి అది. వందేళ్ళు దాటి ఉండాలి. పేజీ ఎడమవైపున పొడుగ్గా, ఒకే వరుసలో, పట్నంలో ఒక పూట ఎలా గడుస్తుందో ఒకాయన రాసుకుంటూ పోయాడు. భాష కొంచెం పాతది, గ్రాంథికం అంచున నడుస్తుంది. కానీ మనిషి ఎంత కొంటెవాడో! కొల్లూరు లంకల నుంచి అరటిగెలలు వేసుకొచ్చిన పడవ కాలవ గట్టున ఆగితే, గెలలు దించేవాళ్ళ కంటే ధర చెప్పేవాళ్ళు ఎక్కువ ఉన్నారంటాడు. రైలు దిగిన ఒక ముసలాయన పెట్టె ఒక జట్కాలోకీ, గొడుగు ఇంకో జట్కాలోకీ వెళ్ళిపోతే, ఆయన ఎటూ ఎక్కలేక నడుచుకుంటూ పోయాడట, వెనక రెండు జట్కాలూ పోట్లాడుకుంటూ వచ్చాయట. నాటకం కంపెనీ వాళ్ళు బండి మీద డప్పు వాయించుకుంటూ పోతుంటే ఒక మంగలి సగం గడ్డం గీసి వదిలేసి చూడ్డానికి పరిగెత్తాడట. ఆ సగం గడ్డం ఆయనా పరిగెత్తాడట.

నేను వంతెన మీద ఒంటరిగా నిలబడి నవ్వుతున్నాను. స్కూటర్ల మీద వెళ్ళేవాళ్ళు నన్ను చూసుకుంటూ పోతున్నారు. కింద అదే కాలవ, ఇప్పుడు గుర్రపుడెక్కా ప్లాస్టిక్ కవర్లతో. కానీ ఆ నిమిషంలో నాకు గెలల పడవ కనిపించిందంటే కనిపించింది.

తర్వాత ఆయన కొత్త కాఫీ హోటలు దగ్గరికి వచ్చాడు. స్టేషను నుంచి వంతెనకు వచ్చే దారిలో కుడివైపున ఉందట. ఇంట్లోవాళ్ళకు తెలియకుండా పెద్దమనుషులు ఉత్తరీయం తలమీద కప్పుకుని దూరేవారట. లోపల బెంచీలన్నీ మగవాళ్ళే. ఇంతలో ఎండలోంచి ఒకావిడ వచ్చింది. తెల్లచీర, చేతిలో నల్ల గొడుగు, చంకలో పుస్తకం, పక్కన ఎవరూ లేరు. వీధి దాటి పోతుందనుకున్నారు. పోలేదు. హోటలు ముందు నిలబడింది. లోపలి మాటలు ఆగిపోయాయి. ఆవిడ గొడుగు ముడిచి, మెట్టు మీద కాలు పెట్టి...

అక్కడ కత్తి గాటు. పేజీ అయిపోయింది.

కాగితం తిప్పాను. వెనకాల ఏదో తలనొప్పి మందు ప్రకటన. మిగతా పొరలు విప్పి చూశాను. ధాన్యం ధరలు, మద్రాసు వార్తలు. ఆవిడ ఎక్కడా లేదు.

సాయంత్రం ఆఫీసు అవగానే పరుగున బైండింగు కొట్టుకు వెళ్ళాను. పుస్తకానికి రెండు వైపులా కొత్త అట్టలు వేసి బరువు కింద పెట్టాడాయన.

"వెనక అట్ట ఏదండి? పాతది?"

"జిగురు కాచుకోవద్దా? పొయ్యిలో పెట్టాను."

"అది కూడా పేపర్లేనా అండి?"

"పేపర్లేగా మరి! భలే మండిందిలే."

రైలెక్కాను.

ఇంట్లో అమ్మమ్మకు ఆ కాగితం చదివి వినిపించాను. ఇంట్లో అయితే నా గొంతు బాగానే వస్తుంది. సగం గడ్డం దగ్గర అమ్మమ్మ నవ్వింది. మెట్టు దగ్గర నేను ఆగిపోయేసరికి, "అలా వదిలేస్తావేంటే?" అని కోప్పడింది. నేను వదిలెయ్యలేదనీ, కత్తి వదిలేసిందనీ చెప్పాను.

అప్పుడు చెప్పింది. ఆ పుస్తకం నిజానికి తన అమ్మమ్మదట. ఆ రోజుల్లో క్రిస్మస్ ముందు అయ్యగారు సంఘంలో అందరి కీర్తనల పుస్తకాలూ ఒక గంపలో పోగుచేసి, పడవ మీద తెనాలి పంపించి ఒకే చోట కట్టించేవారట. విడివిడిగా వెళితే బైండరు ఎక్కువ అడుగుతాడని. ఆ గంపలో మా ఇంటి పుస్తకాలు రెండున్నాయి, అమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మది ఒకటి, తాతది ఒకటి. ఆవిడ పోయేముందు ఇద్దరు మనవరాళ్ళకూ తలొకటి ఇచ్చింది.

"అయితే రెండోది చిన్నమ్మమ్మ దగ్గరుందా? బాపట్లలో?" నేను లేచి నిలబడ్డాను.

"కూర్చో. ఉంది గానీ అది ఇవ్వదు."

"ఎందుకివ్వదు?"

"పెట్టెలో పెట్టమని చెప్పుకుంది."

మా వాళ్ళలో కొందరు పెద్దవాళ్ళకు ఇదొక పట్టింపు. తాము పోయాక శవపేటికలో గుండెల మీద తమ పాటల పుస్తకం పెట్టి పూడ్చాలని బతికుండగానే చెప్పుకుంటారు. చిన్నమ్మమ్మ చెప్పి ఊరుకోలేదట. తెల్లచీర, సెంటు సీసా, ఆ పుస్తకం, మూడూ కలిపి మూటకట్టి బీరువాలో పెట్టుకుంది. దాని పేరు ప్రయాణపు సామాను. పోయిన నెల ఆయాసం వచ్చినప్పుడు ఆ మూట తెప్పించి తల దగ్గర పెట్టుకుని మరీ పడుకుందట.

ఆ మాట వినగానే నాకు మొదట వచ్చిన ఆలోచన మంచిది కాదు. చిన్నమ్మమ్మ వెళ్ళిపోతే మెట్టు మీద నిలబడ్డ ఆవిడ కూడా ఆవిడతోపాటే మట్టిలోకి వెళ్ళిపోతుందని. రెండో ఆలోచన, ఆ పుస్తకం నేనే వెళ్ళి అడగాలని. ఒక ముసలావిడ దగ్గరకు వెళ్ళి, మీ శవపేటికలో పెట్టుకునే పుస్తకం ఇస్తారా, అట్ట చింపుకుంటాను, అని. బస్సులో చిల్లర అడగడానికే నాకు గొంతు పెగలదు.

ఆ వారమంతా ఆ కాగితం ఫొటో ఫోనులో పెట్టుకుని తెనాలిలో తిరిగాను. మధ్యాహ్నం అన్నం డబ్బా ఖాళీ చేసేసి స్టేషనుకు వెళ్ళి, అక్కడి నుంచి వంతెన దాకా కుడివైపు చూసుకుంటూ నడిచేదాన్ని. ఆ హోటలు ఏది అయ్యుంటుంది? రోజూ తల దించుకుని నడిచే దారే. ఇప్పుడు తల ఎత్తి చూస్తే కొట్ల పైన పాత మేడలున్నాయి, కర్ర కమ్మీల కిటికీలున్నాయి. ఒక సెల్‌ఫోన్ల కొట్టుకు రెండు నాపరాతి మెట్లున్నాయి, మధ్యలో అరిగి గుంటపడి. ఈ మెట్టేనా? వంగి చూస్తుంటే కొట్టులో అబ్బాయి, "ఏం పడిపోయిందక్కా?" అన్నాడు. "ఏం లేదు" అని పారిపోయి వచ్చాను. ఒకటి మాత్రం డైరీలో రాసుకున్నాను: ఆ పేపరాయన చేసిన పనల్లా నిలబడి చూడటమే. యుద్ధాల గురించి రాయలేదు, దొరల గురించి రాయలేదు. సగం గడ్డం గురించి రాశాడు. అందుకే వందేళ్ళ తర్వాత నాకు ఆయన పక్కన నిలబడ్డట్టు ఉంది.

ఆదివారం ఆరాధన అవగానే బాపట్ల బయల్దేరాను.

చిన్నమ్మమ్మ ఇంట్లో ఆవిడా, కోడలూ ఉంటారు. కోడలు నాకు అత్తయ్య. బళ్ళో టీచరు, గొంతు కూడా బడి గొంతే. అన్నం పెట్టారు. రొయ్యలూ గోంగూరా పెట్టారు. తిన్నాను. బడి వేడుక ఫొటోలు చూపించారు. చూశాను. అడగాల్సిన మాట మాత్రం నోట్లోనే నానుతోంది. మంచం మీద కూర్చున్న చిన్నమ్మమ్మ నన్నే గమనిస్తోంది.

"ఏంటే, వచ్చినకాణ్ణించీ గిలగిల్లాడుతున్నావు?"

"ఏం లేదు చిన్నమ్మమ్మా."

"అత్తయ్యగారూ, ఇది ఎవర్నో ప్రేమించింది" అంది అత్తయ్య వంటింట్లోంచి. "అమ్మకు చెప్పలేక మన దగ్గరకొచ్చింది."

"ఎవరే ఆ అబ్బాయి? మనవాళ్ళేనా? ఏం చేస్తాడు?"

"అయ్యో, అబ్బాయి కాదండి..."

"అబ్బాయి కాదా!" అత్తయ్య గరిటెతో సహా బయటికి వచ్చింది.

"మీ పుస్తకం! మీ పుస్తకం అట్ట చింపుతాను!" అనేశాను.

నా చెవులు కాలిపోతున్నాయి. అత్తయ్య అత్తగారి వంక చూసింది.

"నా ప్రయాణపు సామాను జోలికొచ్చావా?" అంది చిన్నమ్మమ్మ, ఒక్కో మాటా విడదీసి.

ఇక దాచేదేముంది, సంచిలోంచి కాగితం తీశాను. ఎలా దొరికిందో తడబడుతూ చెప్పాను. ఆవిడ ముఖం కదలలేదు. కాగితం వంక గడ్డం చూపించి, "చదువు" అంది.

చదవడం మొదలుపెట్టాను.

"గట్టిగా చదవ్వే. నాకు చెవుడు కాదు గానీ, అది గొంతా, దోమా?"

అత్తయ్య నవ్వింది. నేను గొంతు పెంచాను. పడవ దగ్గర పెంచాను, జట్కాల దగ్గర ఇంకొంచెం పెంచాను. సగం గడ్డం మనిషి పరిగెత్తేసరికి చిన్నమ్మమ్మ మంచం పట్టె మీద కొట్టి నవ్వింది, దగ్గొచ్చింది, నీళ్ళు తాగింది, "ఊఁ, ఊఁ, పోనీ" అంది. తెల్లచీర, నల్ల గొడుగు, చంకలో పుస్తకం దగ్గరికి రాగానే మాత్రం నవ్వు ఆపేసింది.

"మళ్ళీ చదువు. గొడుగు?"

"నల్ల గొడుగు. చంకలో పుస్తకం."

"బైబిలు స్త్రీ" అంది. "మనావిడే. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పేవాళ్ళే. అలాగే ఉండేవారట. తెల్లచీర, గొడుగు, బైబిలు. మా అమ్మమ్మ చెప్పేది. ఎండనపడి ఊళ్ళు తిరిగేవాళ్ళు. దాహమైతే చేతుల్లో పోసేవారట నీళ్ళు. ఎత్తు నించి." తన రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. "అలాంటిది హోటలుకి వెళ్ళిందా? ఆడది, పైగా మనావిడ? ఆ రోజుల్లోనా?"

"మెట్టు మీద కాలు పెట్టింది" అన్నాను.

"తర్వాత?"

"ఇంతే ఉంది చిన్నమ్మమ్మా. మిగతాది మీ పుస్తకంలో ఉండొచ్చు."

"ఉండొచ్చా, ఉందా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "ఉండొచ్చు" అన్నాను. "లేకపోతే అట్ట ఊరికే పాడవుతుంది."

ఆవిడ బీరువా వంక చూసింది. ఆ పుస్తకం ఆవిడకు ఏమిటో నాకు తెలుసు. ఆవిడ మొగుడు పోయినప్పుడు దాన్ని పట్టుకునే పాడింది. పిల్లలకు జ్వరాలొస్తే తలగడ కింద పెట్టింది. ఆఖరికి దాన్ని గుండె మీద పెట్టుకుని వెళ్ళాలనుకుంది. నేను కాఫీ హోటలు కోసం వచ్చాను.

"మూట తియ్యమ్మా" అంది కోడలితో.

అత్తయ్య బీరువాలోంచి తెల్ల మూట తెచ్చి మంచం మీద విప్పింది. చీర మడతల్లోంచి పుస్తకం తీసి చిన్నమ్మమ్మ ఒళ్ళో పెట్టింది. అచ్చం మాదానిలాగే ఉంది, అదే నల్ల గుడ్డ.

"ఒక్క అట్టే" అంది చిన్నమ్మమ్మ. "ముందుది. వెనకది ముట్టుకోకు. పెట్టెలో పడుకున్నాక నాకు తగిలేది వెనకదేగా. అది పాతదే ఉండాలి."

తడిగుడ్డతో రుద్దుదామన్నాను. "అలాగైతే అచ్చు ముద్దయిపోతుంది, ఆవిరికి పెట్టు" అంది అత్తయ్య. పొయ్యి మీద ఇడ్లీపాత్ర పెట్టి నీళ్ళు మరిగించింది. పుస్తకాన్ని ఒక చేత్తో తడవకుండా ఎత్తి పట్టుకుని, ముందు అట్టను మాత్రం ఆవిరికి చూపించింది. నేను పక్కన నిలబడి అంచుల్లో గోరు దూర్చాను. వంటింట్లో పాత జిగురు వాసన కమ్ముకుంది. చిన్నమ్మమ్మ మంచం దిగి గుమ్మందాకా వచ్చేసింది.

"ఊడిందా?"

"ఇంకా లేదండి."

"ఊడిందా?"

మొదటి పొర ఊడింది, ధాన్యం ధరలు. రెండోది ఊడింది. ఎడమవైపు పొడుగాటి వరుస కనిపించింది. అదే అచ్చు, అదే శీర్షిక! "ఉంది! ఉంది!" అని గంతులేశాను. నిజంగానే వేశాను, వంటింట్లో, రెండు కాళ్ళ మీద. అప్పుడు చదివాను. కొల్లూరు లంకలు. అరటిగెలలు. జట్కాలు. సగం గడ్డం. ఆవిడ గొడుగు ముడిచి, మెట్టు మీద కాలు పెట్టి...

అదే సగం. అక్షరం తేడా లేదు. కత్తి గాటు కూడా అక్కడే.

నాకు ఏడుపొచ్చింది. ఆ బైండరు ఒక పేపరును రెండుగా కోసి మాకో సగం, వీళ్ళకో సగం పెట్టుంటాడనుకున్నాను. కానీ ఆయన అమ్ముడుపోని పేపర్ల కట్ట ఏదో చవగ్గా తెచ్చుకున్నట్టున్నాడు. ఒకే రోజు పేపరు ఎన్నో ప్రతులు, అన్నీ కలిపి ఒకే వేటుకు కోసి, పుస్తకానికి ఒకటి చొప్పున వేసుకుంటూ పోయాడు. గంపలో ఉన్న ప్రతి పుస్తకం ముందు అట్టలోనూ ఆవిడ మెట్టు మీదే నిలబడి ఉంటుంది. ఆ మాటే వాళ్ళకు చెప్పాను.

"మీ పుస్తకం పాడుచేశాను" అన్నాను.

అత్తయ్య పొయ్యి తగ్గించింది. చిన్నమ్మమ్మ గుమ్మంలో నిలబడి పుస్తకం వంక చూసింది. తర్వాత నా వంక.

"పై సగాలన్నీ ముందు అట్టలకు వేశాడంటావు."

"అవునండి."

"మరి కింది సగాలు?"

నేను ఆవిడ ముఖంలోకి చూశాను. అత్తయ్య కూడా చూసింది.

"తిప్పు" అంది చిన్నమ్మమ్మ.

"అత్తయ్యగారూ, వెనకది ముట్టుకోవద్దన్నారుగా."

"ఇందాకన్నాను. ఇప్పుడు తిప్పమంటున్నాను. ఆవిడ అలా మెట్టు మీద నిలబడి ఉంటే నేను పెట్టెలో ఎలా పడుకుంటానే? తిప్పు!"

అత్తయ్య తిప్పింది. మళ్ళీ ఆవిరి, మళ్ళీ గోరు. నా గోరు తొందరపడుతుంటే చిన్నమ్మమ్మ నన్ను పక్కకు నెట్టి తనే పట్టుకుంది. ముసలి గోళ్ళకు ఓపిక ఎక్కువ. పొర చిరగకుండా, పాల మీద మీగడలాగా లేచి వచ్చింది. ఎడమవైపు పొడుగాటి వరుస. మొదటి మాట: లోపలికి వచ్చినది.

"వెళ్ళింది!" అని అరిచాను. "లోపలికి వెళ్ళింది!"

"వెళ్ళిందా!" అని అత్తయ్య నాకంటే గట్టిగా అరిచింది. పక్కింటావిడ గోడ మీంచి, "ఏమైందండీ? ఎవరు వెళ్ళిపోయారు?" అని కంగారుగా అడిగింది. చిన్నమ్మమ్మ ఆయాసం సంగతి వీధంతా తెలుసు మరి. "నేను కాదులే, నువ్వూ రా, విందువుగాని" అని చిన్నమ్మమ్మే జవాబు చెప్పింది.

తడి కాగితాన్ని పళ్ళెంలో పరిచి చదివాను. ఈసారి ఎవరూ గట్టిగా చదవమని అనాల్సిన అవసరం రాలేదు.

హోటలాయన అడ్డం వచ్చి లోపల చోటు లేదన్నాడట. బెంచీ చివర ఖాళీ అందరికీ కనిపిస్తూనే ఉంది. అయితే నిలబడతానందట ఆవిడ. డికాషను అయిపోయిందన్నాడట. మళ్ళీ దిగేదాకా ఉంటానని వెళ్ళి ఆ బెంచీ చివరే కూర్చుందట. ఆ బెంచీ మీదున్న ఇద్దరు చటుక్కున లేచి గోడకు ఆనుకున్నారు. లేచారే గానీ వెళ్ళలేదు, ఏమవుతుందో చూడకుండా ఎలా పోతారు? ఆ మాటకొస్తే ఎవరూ కదల్లేదు. గ్లాసులు ఎప్పుడో ఖాళీ అయ్యాయి, ఒక్కరూ లేవరు. ఇంతలో మద్రాసు మెయిలు వచ్చింది. దిగినవాళ్ళు కాఫీ కాఫీ అంటూ వీధిలో మూగారు. కూర్చోబెట్టడానికి చోటు లేదు. హోటలాయన ఒక్కొక్కరినీ బతిమాలాడట, బాబ్బాబూ, లేవండని. పేపరాయన్ని కూడా బతిమాలాడట. ఈయనా లేవలేదట. ఆఖరికి ఆ బెంచీలు ఖాళీ అవడానికి ఒక్కటే దారని ఆయనకు అర్థమై, తానే గ్లాసుతో కాఫీ తెచ్చి ఆవిడ ముందు పెట్టాడట.

"పెట్టాడు!" అంది చిన్నమ్మమ్మ. "గ్లాసుతోనా? చేతుల్లో పొయ్యలేదా?"

"గ్లాసుతోనే. ముందు పెట్టాడని ఉంది."

"చదువు, చదువు."

ఆవిడ తొందర లేకుండా తాగింది. అణా బల్ల మీద పెట్టింది. చక్కెర తక్కువైంది అంది. గుమ్మంలో గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. తర్వాత, హోటలు తెరిచిన రోజునుంచీ అక్కడే తాగుతున్న ఒక పెద్దమనిషి మెల్లగా, నిజమే, రోజూ తక్కువే, అన్నాడట. అవునంటే అవునని నలుగురూ అన్నారట. మర్నాడు వెళ్ళి చూశానూ, చక్కెర సరిపోయింది, అని ముగించాడు. కింద పేరు లేదు. దారిన పోయేవాడు, అని ఉంది.

వంటింట్లో మేం నవ్విన నవ్వు నేను రాయలేను. అత్తయ్య ఇడ్లీపాత్ర మూతతో గిన్నె మీద కొట్టింది. పక్కింటావిడ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆవిడ వెళ్ళి తోటికోడల్ని తీసుకొస్తే ఇంకోసారి చదివాను. నేను! పరాయివాళ్ళ ముందు!

నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక చిన్నమ్మమ్మ అడిగింది.

"పేరేంటి?"

"దారిన పోయేవాడు అని..."

"వాడి పేరెవడికి కావాలే? ఆవిడ పేరు!"

పళ్ళెంలో కాగితాన్ని మళ్ళీ మొదటినుంచి చివరిదాకా వెతికాను. "రాయలేదు చిన్నమ్మమ్మా. ఒకావిడ అనే ఉంది అంతటా."

"అంతసేపు కూర్చున్నాడు! చీర రంగు చూశాడు, గొడుగు రంగు చూశాడు, కాఫీలో చక్కెర సంగతి కూడా చూశాడు. అమ్మా నీ పేరేంటని అడగడానికి నోరు పడిపోయిందా?" ఆవిడకు నిజంగానే కోపం వచ్చింది. ముక్కుపుటాలు అదిరాయి. నాకు ఎంతో ఇష్టమైపోయిన ఆ పేపరాయన తరఫున ఏదైనా చెబుదామనుకున్నాను. కానీ ఆవిడ అన్నది నిజమే.

"మీ అమ్మమ్మగారే అయ్యుంటారేమో అత్తయ్యగారూ" అని అత్తయ్య చల్లబరచబోయింది.

"మా అమ్మమ్మ జన్మలో కాఫీ తాగలేదు. ఊరుకో." పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. అట్టలు రెండూ పోయి, ఉత్త దారాల మీద నిలిచిన పుస్తకం. నాకు మళ్ళీ గుబులు మొదలైంది. దాన్ని అరచేత్తో నిమిరి నాకిచ్చింది. "కొత్త అట్టలు వేయించి తీసుకురా. నల్లవే. ఆ కాగితం నువ్వే ఉంచుకో. నాకెందుకు, విన్నానుగా. పేరంటావా, నేనెలాగూ పోయేది ఆవిడున్న చోటికే. నేనే అడుగుతాను."

పొద్దువాలుతుండగా బాపట్లలో రైలెక్కాను. సంచిలో రెండు పొరల పాత గుడ్డలో చుట్టిన పుస్తకం, అట్టముక్కల మధ్య భద్రంగా ఆరిన కాగితం. సీట్లన్నీ నిండి ఉన్నాయి. తలుపు దగ్గర ఒకావిడ వాడరేవు ఎండుచేపల గంప పక్కన పెట్టుకుని కింద కూర్చుంది. గంప కొంచెం జరిపి నాకు చోటిచ్చింది. పచ్చచీర, మెడలో నల్లపూసలు, ముక్కుకు రెండువైపులా పుడకలు. మామూలుగా అయితే అంతవరకు చూసి పుస్తకం తీసేదాన్ని.

"మీ పేరేంటండి?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడి కొంగుముడి విప్పింది. "టిక్కెట్టు తీశానమ్మా! ఇదిగో, చీరాలలోనే తీశాను. గంపకి కూడా అడుగుతారా ఏంటి?"

"అయ్యో, నేను టీసీని కాదండి. ఊరికే అడిగాను."

"ఊరికే పేరెవరడుగుతారు?" అంది అనుమానంగా. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. టిక్కెట్టు మళ్ళీ ముడేసుకుని, నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా.